ఫ్రేము అంచున

మా నాయనకి ఫోటో లేదు. 2003లో చనిపోయాడు. దినాల నాడు దండ వేద్దామంటే ఇంట్లో ఒక్క బొమ్మ లేదు. ఓటరు కార్డు మాత్రం ఉంది. అందులో తెల్లచొక్కా ఉంది, చొక్కా పైన నల్లగా ఒక ముద్ద ఉంది. కళ్ళేవో ముక్కేదో తెలీదు. అమ్మ ఆ కార్డు కొంగున ముడేసుకుని, పెద్దది చేయిద్దామని టౌనులో స్టూడియోకి పోయింది. వెంట నేను. నాకప్పుడు 13 ఏళ్ళు. స్టూడియో ఆయన కార్డుని వెలుతురులో అటూ ఇటూ తిప్పి, "ఇందులో ఏముందే, బొగ్గు తప్ప! మీవోళ్ళని ఫోటో తీయడమే కష్టం" అని నవ్వాడు. అమ్మ కూడా నవ్వింది. ఎందుకు నవ్విందో ఇప్పటిదాకా అడగలేదు.

ఆయన చెప్పింది నిజమేననుకున్నాను. నల్లగా పుడితే ఫోటో రాదు, అంతే. పదో తరగతి హాల్‌టికెట్టుకి ఫోటో దిగేటప్పుడు మొహానికి పౌడరు దట్టించుకున్నాను. బూడిదలో పొర్లిన గాడిదలా పడ్డాను. డిగ్రీలో గ్రూపు ఫోటో తీస్తుంటే ఎవరూ చెప్పకుండానే పోయి వెనక వరసలో నిలబడ్డాను.

2012 డీఎస్సీలో ఎస్జీటీ ఉద్యోగం వచ్చింది. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటోణ్ణి, నెలజీతం చూసిన మొదటోణ్ణి నేనే. బళ్ళో పిల్లలకి స్కాలర్‌షిప్పు ఫారాల మీద అతికించడానికి ఫోటోలు కావాలి. టౌనుకి పోయి దిగాలంటే ఆటో ఛార్జీ, ఫోటో డబ్బులు, పైగా తల్లికి ఒక రోజు కూలి పోతుంది. ఇన్ని పోగొట్టుకుని తెచ్చిన ఫోటోలు బల్ల మీద పరిస్తే, ఊళ్ళో పిల్లలు మొహాలతో వచ్చారు, పల్లె పిల్లలు మొహాల్లేకుండా వచ్చారు. నాకు ఓటరు కార్డు గుర్తొచ్చింది.

2019లో వాయిదాల మీద ఒక సెకండ్ హ్యాండు కెనాన్ కెమెరా, 50 ఎంఎం లెన్సు కొన్నాను. యూట్యూబు చూసి, పిల్లల్ని నిలబెట్టి, చెడగొట్టి చెడగొట్టి నేర్చుకున్నాను. నేర్చుకున్న మొదటి సంగతి ఇది. కెమెరాలో వెలుతురు కొలిచే మీటరుంటుంది. ఎదురుగా ఉన్నదంతా కలిపి మధ్యరకం బూడిదరంగుకి రావాలని దాని లెక్క. వెనక తెల్లతెర, ఒంటి మీద తెల్లచొక్కా ఉంటే అది "అమ్మో, వెలుతురెక్కువైంది" అనుకుని కోసేస్తుంది. తెర బూడిదవుతుంది, మొహం బొగ్గవుతుంది. దీనికి మందు కెమెరా మీదే ఉంది. ప్లస్సు మైనస్సు గుర్తున్న బొత్తాం. మా కెమెరాలో ప్లస్సు వైపు మూడు గడులు జరిపితే ఒక స్టాపు, అంటే రెట్టింపు వెలుతురు. నల్లగోడ ముందు దగ్గరగా మొహం తీస్తే తిరకాసు ఇంకోలా ఉంటుంది. అప్పుడు మీటరు వెలుతురు పెంచేసి మనిషిని పాలిపోయినట్టు చేస్తుంది, కాబట్టి మైనస్సుకి జరపాలి. నాయన కార్డు ఏ కెమెరాతో తీశారో నాకు తెలీదు గానీ, వెనక తెల్లతెర మాత్రం ఇప్పటికీ కార్డులో కనపడుతూనే ఉంది. మూడు గడుల పని. ఆ మూడు గడులు జరిపే ఓపిక తీసినోడికి లేదు. తప్పు మా చర్మానిదన్నారు.

ఇది మన దగ్గరే కాదు. ఫిల్ము రోజుల్లో రంగులు సరిచూసుకోవడానికి కొడాక్ కంపెనీ ల్యాబులకి షర్లీ కార్డనే నమూనా ఫోటో పంపేది. దశాబ్దాల పాటు దాని మీద తెల్లజాతి ఆడమనిషి బొమ్మే. ఆమె చర్మం బాగా వస్తే ఫోటో బాగొచ్చినట్టు. నలుపులోని ఛాయలు సరిగ్గా రావడంలేదని ఆ కంపెనీ పట్టించుకుంది ఎవరు గోల చేస్తే అనుకున్నారు? చాక్లెట్ల కంపెనీలు, చెక్కసామాను కంపెనీలు. ఈ మాట అక్కడ పనిచేసినవాళ్ళే తర్వాత చెప్పారు. అది చదివిన రోజు రాత్రి నాకు నిద్రపట్టలేదు. మనదేశంలో అంబేద్కర్‌ని కూడా క్యాలెండర్లో గులాబీరంగు వేసి అమ్ముతారు, దండలేసేది మనమే.

2020 లాక్‌డౌన్‌లో తమ్ముడు హైదరాబాదులో బట్టలషాపు పని పోగొట్టుకుని ఇంటికొచ్చాడు. కెమెరా వాడి చేతికిచ్చాను. ప్రభుత్వ టీచరు సొంత వ్యాపారం చేయడానికి 1964 ప్రవర్తనా నియమాలు ఒప్పుకోవు. వ్యాపారం వాడిది. ఆదివారాలు నా చేతిసాయం, అంతవరకే. కాలనీ ఇంట్లో ముందుగదే స్టూడియో. ఉత్తరం వైపు తలుపు, ఎండ నేరుగా పడదు, పొద్దంతా మెత్తటి వెలుతురు. మనిషిని తలుపుకి పక్కగా కూర్చోబెట్టి అవతలివైపు థర్మోకోల్ అట్ట నిలబెడితే నీడలు విప్పుకుంటాయి. ఎదురుగా ఫ్లాషు కొట్టం. కొడితే చెమట మెరిసి, కింద చర్మం మాయమవుతుంది. పౌడరు వద్దంటాం. ఫోన్లో ఉండే బ్యూటీ మోడ్ అసలు వద్దు. పాస్‌పోర్టు సైజు 35 ఇంటు 45 మిల్లీమీటర్లు. 4 ఇంటు 6 కాగితం మీద ఎనిమిది పడతాయి. ఎనిమిదికి 60 రూపాయలు. కూలికి పోయొచ్చిన ఆడాళ్ళు చీకటిపడ్డాక వస్తే, రేపు పొద్దున రమ్మంటాడు తమ్ముడు. బేరం పోయినా సరే, ట్యూబులైటు కింద తీయడు. ఈ విషయంలో వాడు నాకంటే మొండి.

పల్లె వరకు బాగానే నడిచింది. ఊరోళ్ళు మా వీధిలోకి రారు. ఫోన్ చేసి, వచ్చి తీసిపొమ్మంటారు. పోతే అరుగు మీదే. లోపల వెలుతురు చాలదని వాళ్ళే చెప్తారు. వెలుతురు సంగతి మాకు చెప్తారు! నన్ను "మాష్టారూ" అంటారు, నా పక్కనున్న తమ్ముణ్ణి "ఏరా" అంటారు. అడ్వాన్సు అడిగితే మొహం మాడ్చుకుంటారు. అయినా సగం డబ్బులు ముందు చేతిలో పడకుండా ఫంక్షను ఒప్పుకోవద్దని వాడికి చెప్పాను. ఒకసారి వినలేదు. ఆ సంగతే చెప్పబోతున్నాను.

ఊళ్ళో పెద్దింటాయన తన 1996 పెళ్ళి ఆల్బం ఇచ్చాడు. ఫోటోలు మచ్చలు పడ్డాయి, కంప్యూటర్లోకెక్కించి బాగుచేసి కొత్త ఆల్బం చేయాలి. బేరం 4,000. అడ్వాన్సు లేదు. "అంచుల్లో డప్పులోళ్ళూ వాళ్ళూ ఉంటారు, అవన్నీ కోసేసి నీట్‌గా చెయ్యి" అన్నాడు.

పాత ఆల్బాల్లో ఫోటో అట్టకి అంటుకుపోయి ఉంటుంది. పీకితే చిరుగుతుంది. దారం అడుగునుంచి జరుపుతూ నెమ్మదిగా విడదీయాలి. అద్దం తుడిచి 600 డీపీఐలో స్కాన్ చేసి, ముట్టుకోని కాపీ ఒకటి పక్కన దాచి, ఆ తర్వాతే దిద్దడం మొదలుపెట్టాలి. ఆదివారం ఆ పనిలో కూర్చున్నాం. ఊరేగింపు ఫోటో ఒకటి తెర మీదికొచ్చింది. కారు, దండలు, ఊరి పెద్దలు. ఎడమ అంచున సగం డప్పు, దాని మీద పుల్ల పట్టుకున్న చెయ్యి. మణికట్టు దాకానే ఉంది. చూపుడువేలు పైకణుపు దగ్గర వంకర.

మా నాయన వేలు. చెప్పులు కుడుతుంటే రంపె తెగి అలా అతుక్కుంది. తమ్ముడికి తెలీదు, చిన్నోడు. నాకు తెలుసు. ఆ వేలితోనే నాకు పలక మీద అక్షరం దిద్దించబోయి, తనకు రాక ఆపేశాడు.

పెళ్ళిళ్ళలో ఫోటోగ్రాఫరు "డప్పులోళ్ళు పక్కకి తప్పుకోండ్రా" అని అరవడం నేను విన్నాను. వీళ్ళు తప్పుకునేవాళ్ళు, దరువు ఆగకుండా. ఆరోజు నాయన ఒక చెయ్యి వెడల్పు ఆలస్యంగా తప్పుకున్నాడు.

ఏం చేశామో దాచను. కోసేశాం. తమ్ముడు మౌసు పట్టుకున్నాడు, నేను వద్దనలేదు. ఒప్పుకున్న పని, ఇంట్లో ప్రింటరు ఇంకు అయిపోయింది. ఆల్బం అందంగా వచ్చిందన్నారు. దాచిన కాపీలోంచి ఆ అంచు ముక్కని మాత్రం ఎంత సాగుతుందో అంత పెద్దది చేసి ప్రింటు తీశాం. కొంచెం మసకగా ఉంది, అయినా వంకర తెలుస్తోంది. నలుపు నలుపుగానే ఉంచాను, గోళ్ళు కనపడేలా నీడల్ని కాస్త లేపాను.

అమ్మకి చూపించాం. చాలాసేపు చూసింది. తమ్ముడు దండ వేద్దామా అన్నాడు.

"చేతికి దండేందిరా, కడియమేస్తారు గానీ" అంది. తర్వాత, "ఎంతిచ్చారు ఆ ఆల్బానికి?"

"మూడువేలమ్మా. ఇంకో వెయ్యి ఇవ్వాలి."

"ఆ పెళ్ళికి మీ నాయన డప్పుకూలీ కూడా అట్టాగే నిలబెట్టారు. పోయి అడుగు."