ఫరో అంతఃపురంలో చెరిపివేసిన పేర్లు

ఐగుప్తు రాజనగరు మన ఇండ్లలో ఎవరికీ కొత్త కాదు. యోసేపు చెరసాల, పానదాయకుల అధిపతి కన్న కల, జమ్ముపెట్టెలోని పసివాడు – ఇవన్నీ సండేస్కూలు నాటినుండి వింటూ పెరిగిన సంగతులే. అందుకే మా అమ్మాయి కాలేజీ లైబ్రరీ నుండి "హౌస్ ఆఫ్ డ్రీమ్స్" అనే ఇంగ్లీషు నవల తెచ్చినప్పుడు ఇంటిల్లిపాదీ దాని చుట్టూ చేరాము. రాత్రి భోజనాలయ్యాక అమ్మాయి చదివి తెలుగులో చెప్పేది, మేము వినేవాళ్ళం. కెనడా రచయిత్రి పాలిన్ గెడ్జ్ 1994లో దీనిని వెలువరించారు. 1996లో "హౌస్ ఆఫ్ ఇల్యూషన్స్" అనే రెండవ భాగం వచ్చింది.

కథ చెప్పేది థూ అనే పల్లెటూరి పిల్ల. తల్లి మంత్రసాని. చదువుకోవాలని, ఊరు దాటి వెళ్ళాలని ఆ పిల్లకు తీరని ఆశ. దీర్ఘదర్శి అని పేరు పొందిన ఒక వైద్యుడు ఆమెను తీసుకొనిపోయి చదువు నేర్పిస్తాడు. మందుల సంగతి, విషాల సంగతి కూడా నేర్పిస్తాడు. ఆ తరువాత ఫరో అంతఃపురానికి పంపుతాడు. ఆ ఉపకారం వెనుక ఉన్న పన్నాగం మనకు మెల్లమెల్లగా తెలుస్తుంది. ఫరోను చంపించాలనుకున్నది పెద్దలు. పట్టుబడినప్పుడు నింద పడింది ఆ పిల్ల మీద. వెలివేయబడి, తన ఊరికే చేరిన థూ తన కథను తానే వ్రాసుకొని, దానిని రాజుకు చేర్చేవారి కోసం ఏళ్ళ తరబడి కనిపెట్టుకొని ఉంటుంది.

థూ కల్పిత పాత్రే. కాని కుట్ర మాత్రం జరిగినదే. క్రీ.పూ. 1155 ప్రాంతంలో, మూడవ రామెసెస్ 31 ఏళ్ళు ఏలిన తరువాత, తియే అనే రాణి తన కుమారుడు పెన్‌తావేరెను సింహాసనం ఎక్కించాలని అంతఃపురంలో కుట్ర చేసింది. దాని విచారణ వ్రాసిన పాపిరస్ చుట్ట ఇటలీలోని ట్యూరిన్ మ్యూజియంలో ఉన్నది. విచారణకు 12 మందిని నియమించారు. వారిలోనే కొందరు నిందితులైన స్త్రీలతో కలిసి విందు చేసుకొని, ముక్కు చెవులు కోయించుకున్నారు!

మమ్మల్ని ఆలోచింపజేసిన సంగతి మరొకటి ఉన్నది. దోషుల్లో చాలామందికి ఆ చుట్టలో అసలు పేర్లు లేవు. ఒక పానదాయకుణ్ణి "రా దేవుడు ద్వేషించేవాడు" అనే అర్థం వచ్చే పేరుతో వ్రాశారు. రాజకుమారుణ్ణి కూడా "ఆ మరో పేరుతో పిలువబడినవాడు" అని పేర్కొన్నారు. అంతఃపుర ద్వారం దగ్గర పనిచేసేవారి భార్యలు ఆరుగురిని శిక్షించారు గాని, వారి పేర్లే వ్రాయలేదు. పేరు చెరిగిపోతే చనిపోయిన తరువాత కూడా ఆ మనిషికి నిలువ నీడ ఉండదని ఐగుప్తీయుల నమ్మకం. అంటే ఆ శిక్ష మరణంతో ఆగేది కాదు.

ఇంతకూ రాజు చనిపోయాడా, బ్రతికి బయటపడ్డాడా? ఆ చుట్ట తేటగా చెప్పదు. 2012లో శాస్త్రజ్ఞులు రామెసెస్ మమ్మీని స్కానింగు చేసిన ఫలితాలు వెలువడ్డాయి. మెడ చుట్టూ ఉన్న నారబట్టల క్రింద గొంతు ఎముక దాకా తెగి ఉన్నది. గాయం మానాలని కాబోలు, అందులో ఒక తాయెత్తు పెట్టారు. అదే పరిశోధనలో ఇంకొక మమ్మీని కూడా చూశారు. అది సుమారు 18–20 ఏళ్ళ యువకుడిది. అపవిత్రమని ఎంచే మేకతోలు కప్పి, పేరు వ్రాయకుండా ఉంచిన శరీరం. జన్యుపరీక్షను బట్టి అతడు రామెసెస్ కుమారుడై ఉండవచ్చునని, పెన్‌తావేరెయే కావచ్చునని వారు తలంచారు. ఈ రెండు శరీరాలూ 1881లో బయటపడిన ఒకే రహస్య సమాధిలో దొరికాయి. అది చదివిన రాత్రి మా ఇంట్లో కాసేపు ఎవరమూ మాట్లాడలేదు.

మా అమ్మాయి లేచి వెళ్ళి కుటుంబ బైబిలు తెచ్చింది. తాతగారు తన పిల్లల జన్మదినాలు వ్రాసుకున్న పుటలో నాలుగవ పేరు మీద అడ్డంగా, నిలువుగా సిరాగీతలు ఉన్నాయి. దాని కింది పేరు కనిపించదు. ఆయన ఇల్లు విడిచి వెళ్ళిపోయారన్న మాట తప్ప మాకేమీ తెలియదు. ఆ తరంలో ఇప్పుడు మిగిలింది మా మేనత్త ఒక్కరే. "అమ్మమ్మా, ఆ తాత పేరేమిటి?" అని అమ్మాయి అడిగింది. ఆవిడ చాలాసేపు వడియాల పళ్ళెంకేసి చూస్తూ కూర్చున్నారు. తరువాత మెల్లగా పేరు చెప్పారు. "చెరువులో నాకు ఈత నేర్పింది వాడే" అన్నారు. ఏమి జరిగిందో మాత్రం చెప్పలేదు. మేమూ రెట్టించలేదు.

తాతగారి గీతలను మేము ముట్టుకోలేదు. ఆయన గుండె ఎంత నొచ్చి ఉంటే ఆ పని చేశారో! కొత్త పుటలో పిల్లలందరి పేర్లూ వరుసగా వ్రాసి, నాలుగవ చోట ఆ పేరు కూడా వ్రాశాము. మేనత్తగారు కళ్ళజోడు పెట్టుకొని పుట అంతా చదివి, పుట్టిన నెల తప్పు పడిందని దిద్దించారు.

నిర్గమకాండము మొదటి అధ్యాయం తీసి చూడండి. ఆ ఫరో పేరు అందులో లేదు. మంత్రసానులు షిఫ్రా, పూయాల పేర్లు మాత్రం ఉన్నాయి. ఏ పేర్లు నిలవాలో రాజనగరు ఒకటి తలిస్తే, గ్రంథం మరొకటి నిలిపింది. మీ కుటుంబ బైబిలులో కూడా ఇలాంటి పుట ఉంటే, చెప్పగల పెద్దలు మీ మధ్య ఉండగానే ఒక సాయంత్రం వారి దగ్గర కూర్చొని అడగండి.