మీర్‌పేటలో చుక్కల పుస్తకం

ఇంజినీరింగ్ కాలేజీలు, కోచింగ్ పిల్లలు ఉన్నచోట స్పైరల్ బైండింగ్ అడుగడుగునా దొరుకుతుంది. మీర్‌పేటలో టీకేఆర్ కమాన్ చుట్టుపక్కలా అంతే. దారంతో కుట్టి బైండింగ్ చేసేవాళ్లే కరువు. వాకబు చేయగా చేయగా, ఒక సందు చివర రేకుల షెడ్డు చూపించారు. లోపలంతా మైదా గంజి వాసన. కటింగ్ మిషన్ పక్కన కాగితం ముక్కలు మోకాలెత్తు పడి ఉన్నాయి.

నాకు కావాల్సింది రోజూ రాసుకోవడానికి గీతల బదులు చుక్కలుండే పుస్తకం. రాసేది సిరా పెన్నుతో. ఆ పెన్నులకు మన దగ్గర లోటు లేదు. రాజమండ్రిలో రత్నం పెన్నులు 1932 నుంచి ఉన్నాయి, అబిడ్స్‌లో డెక్కన్ పెన్ స్టోర్స్ 1928 నాటిది. చిక్కల్లా కాగితంతోనే. లావుపాటి పాళీ పెడితే మామూలు నోట్‌బుక్‌లో అక్షరం అంచులు పాకుతాయి, వెనక పేజీ రాయడానికి పనికిరాదు.

"ఎన్ని జీఎస్ఎం ఉండాలి?" అని అడిగాను. బైండింగ్ చేసే పెద్దాయన నవ్వాడు. "బరువు జూస్తే ఏమొస్తది సార్? రాసి జూడున్రి" అని నాలుగైదు రకాల ముక్కలు నా ముందు పడేశాడు.

ఒక్కోదాని మీద 'శ్రీ' రాసి, పక్కనే పాళీని ఆనించి కాసేపు ఆపాను. అసలు పరీక్ష అక్కడే. గీత గీసేటప్పుడు బుద్ధిగా ఉన్న కాగితం కూడా పాళీ ఆగినచోట సిరాను కిందికి దించేస్తుంది. వాటిలో బరువైన ముక్కే అందరికంటే ముందు ఓడిపోయింది! జీఎస్ఎం అంటే చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందన్న లెక్క, అంతే. సిరాను ఆపేది తయారీలో కాగితానికి పట్టించే సైజింగ్. జపాన్ టొమొయే రివర్ కాగితం 52 జీఎస్ఎందే అయినా సిరా దిగనివ్వదని పేరు. వెనకవైపు అక్షరాల నీడ మాత్రం కనపడుతుంది, దానికి సిద్ధపడాలి.

తర్వాత ఆయన ఒక షీటును నిలువునా, అడ్డంగా మెల్లగా వంచి చూపించాడు. ఏ వైపు సులువుగా మడత పడుతుందో ఆ మడతే కుట్టు వైపు రావాలట. ఎదురుగా కడితే పేజీ బిగుసుకుని, చెయ్యి తీయగానే లేస్తుంది. కాగితాలు మడిచి ఫారాలుగా కుట్టిన పుస్తకం ఏ పేజీ దగ్గరైనా బల్ల మీద పరుచుకుని పడుకోవాలి. ఒట్టి గమ్ముతో అతికించినదాన్ని అలా తెరవబోతే వెన్ను విరుగుతుంది. అట్ట అందం చూసి కొనేవాళ్లకు ఈ సంగతి ఆలస్యంగా తెలుస్తుంది.

ఇక చుక్కలు. బజార్లో దొరికేవాటిలో చుక్కకూ చుక్కకూ మధ్య సాధారణంగా 5 మిల్లీమీటర్లు ఉంటుంది. ఇంగ్లిషు చేతిరాతకు అది చాలు. మనకు పైన గుడులు, కింద ఒత్తులు. 'స్త్రీ' అని రాస్తే ఒత్తులు కింది వరుస తల మీద కూర్చుంటాయి. రెండేసి చుక్కల ఎత్తుకు ఒక వరుస రాసుకుంటే ఊపిరాడుతుంది. ఆ లెక్కన 210 మిల్లీమీటర్ల ఎత్తుండే ఏ5 పేజీలో, అంచులు పోను ఇరవై వరుసల లోపే పడతాయి. కాబట్టి తెలుగులో రాసేవాళ్లు పేజీలు ఎక్కువున్నదే తీసుకోవాలి. గీతల పుస్తకంలో ఈ వెసులుబాటు లేదు. ఎవరో గీసిన ఎత్తుకు మన అక్షరాన్ని కుదించుకోవాల్సిందే. చుక్కల రంగు కూడా లేత బూడిదగా ఉండాలి. ముదురైతే ఏది సున్నా, ఏది చుక్క అని కళ్లు తడుముకుంటాయి.

నచ్చిన కాగితం తేలింది, కుట్టు కూలీ కూడా మాట్లాడుకున్నాం. ఒక్క పుస్తకానికైతే చుక్కల ప్రింటు గిట్టదన్నాడు. ప్రెస్సులో ప్లేటు ఖర్చు ఒకటికైనా వందకైనా ఒకటేనట. సిరా పెన్నుల మిత్రులకు ఫోన్లు మొదలుపెట్టాను. సగం మందికి గీతలే కావాలట.