కాటుకపిట్ట వెళ్లిన దినము

వసంతమనగనే కోయిలను తలంచుట మనకు వాడుక. మావిచిగురు, కోయిల కూత, ఉగాది పచ్చడి, ఈ మూడును లేనిదే చైత్రము వచ్చినట్లు తోచదు. కాని కోయిల మన యింటి పక్షియే. ఏడాది పొడవునను మన తోటలలోనే యుండి వసంతమున గొంతు విప్పును, అంతియే. మా బుగ్గారములో వసంతము నిజమునకు వీడ్కోలు కాలము. చలికాలమంతయు మా చెరువుల కడను, చేలలోను, తీగెలమీదను గడపిన పరదేశపు పక్షులు మాఘము మొదలు చైత్రము వఱకు ఒక్కొక్క జాతియే వెడలిపోవును. కోయిల కూతల సందడిలో ఆ ప్రయాణము ఎవ్వరి కంటను బడదు. దానిని గూర్చి సోదరీమణులకు నాలుగు మాటలు చెప్పవలయునని మా కోరిక.

మా యూరు జగిత్యాల జిల్లాలోనిది. గోదావరి తీరమందలి ధర్మపురి క్షేత్రము మాకు చేరువ. వరి, మొక్కజొన్న, పసుపు మా వైపు పంటలు, మామిడితోటలు మెండు. ఇంటిలో మా అత్తగారు, తోడికోడండ్రము మేమిద్దఱము, పిల్లలు. మా భర్తలిరువురును గల్ఫు దేశములలో పనిచేయుచున్నారు. ఈ సీమలో నిది వింత గాదు; వీధికి నాలుగిండ్లయినను అట్టివి యుండును. కావున పొలము పనులు చూచుకొనువారము మేమే. వేకువను చెరువుకట్ట మీదుగా పొలమునకు పోయి, మోటారు వేసి, మడులకు నీరు మళ్లించి వత్తుము. పక్షులను చూచుటకని మేము ప్రత్యేకముగా బయలుదేరినది లేదు. పోవు దారిలో అవియే మాకు కనబడినవి.

మోటారు కడ నీరు పాఱు కాలువ గట్టున ప్రతి యేటను ఒక కాటుకపిట్ట విడిది చేయును. ఖంజరీటమని కవులు పేర్కొని, స్త్రీల కన్నులకు పోలిక తెచ్చిన పక్షి యిదియే. బూడిదరంగు వీపు, తెల్లని మొగము, ఱొమ్మున నల్లని మచ్చ, నిలుకడ లేక క్రిందికిని మీదికిని ఆడు పొడుగుపాటి తోక దీని గుఱుతులు. పిచ్చుకవలె గెంతదు, అడుగులు వేసి పరుగెత్తును. తడినేలలోని పురుగులను ఏరుకొని తినును. దీని బరువు ఇంచుమించు రెండు తులములు. మనలో పలువురి మెడలోని పుస్తెలతాడు దీనికంటె బరువుండును. ఇంతటి పిట్ట హిమాలయములు మొదలుకొని సైబీరియా వఱకు గల చల్లని దేశములనుండి ప్రతి సంవత్సరమును మన దేశమునకు వచ్చి పోవుచున్నది.

దసరా వెళ్లిన పిదప నొక యుదయమున అది తప్పక కనబడును. ఆ దినమున మా అత్తగారు గట్టుమీద నిలిచి, "అగో, వచ్చింది బిడ్డా" అందురు. దాని రాకను గుఱుతించుట మన దేశమున క్రొత్త గాదు. ఆఱవ శతాబ్దమున వరాహమిహిరుడు రచించిన బృహత్సంహితయందు, ఖంజనమును తొలిసారి చూచినపుడు కలుగు ఫలములను దెలుపు నధ్యాయమే యున్నది. తొలిచూపునకు శాస్త్రము కలదు. కడపటి చూపునకు మాత్రము ఏ శాస్త్రమును మాకు కానరాలేదు. ఎందుకో మేమే యనుభవముమీద దెలిసికొంటిమి.

మూడేండ్ల క్రిందట పిల్లల పాత నోటుపుస్తక మొకటి తీసికొని, ఈ పిట్ట వచ్చిన దినమును, పోయిన దినమును వ్రాయవలెనని తలపెట్టితిమి. వచ్చిన దినము వ్రాసితిమి. తరువాత వరికోతలు, పసుపు త్రవ్వకము, పిల్లల పరీక్షలు. ఒకనాడు గట్టు చూచితిమి, పిట్ట లేదు. ఎప్పుడు పోయినదని మమ్ము మేమే ప్రశ్నించుకొంటిమి. ఒకరు నాలుగు దినములైనదనిరి, ఒకరు పది దినములైనదనిరి. పుస్తకములో ఆ వరుస ఖాళీగనే యుండిపోయెను.

రెండవ యేడు మఱియొక తప్పు జరిగెను. వైశాఖమునందును కాటుకపిట్ట కనబడుచుండుటచే, ఈ సారి యిది యిచ్చటనే నిలిచిపోయినదని సంతోషించి వ్రాసికొంటిమి. పిమ్మట పటములున్న పుస్తకమును దెచ్చి, దుర్భిణితో పరీక్షించి చూడగా అది వేఱు జాతిదని తేలెను. కొంచెము పెద్దది, తల, వీపు, గొంతు నలుపు, కంటిమీద తెల్లని కనుబొమ్మ. అది మన దేశపు పిట్టయే. ఇచ్చటనే గూడు కట్టి పిల్లలను లేపును. అతిథి యెన్నడో వెళ్లిపోయినది. మేము ఇంటివారిని చూచి అతిథియనుకొంటిమి. సంతోషించి వ్రాసిన దానిని కొట్టివేయుట మాకు కష్టముగనే యుండెను.

అప్పుడు తెలిసిన సంగతి యిది: వచ్చిన దినము నాడే తెలియును. నిన్న లేనిది నేడున్నది; కన్ను దానిని పట్టుకొనును. వెళ్లిన దినమట్లు కాదు. నేడు చూచినది కడపటి చూపని నేడు తెలియదు. మఱునాడు లేకున్నను, చెరువుకట్టకు పోయినదేమో, సాయంకాలమునకు వచ్చునేమో యనుకొందుము. వారము గడచిన తరువాత వెనుకకు తిరిగి చూచుకొన్నప్పుడే ఆ దినము కడపటిదని బోధపడును. కావున వెళ్లిన దినము కావలెనన్నచో ప్రతి దినమును వ్రాయుట తప్ప వేఱు మార్గము లేదు. ఆ సంవత్సరము నుండి పుస్తకములో ఒక్కొక్క తేదీకి ఎదురుగా "ఉన్నది" అను నొక్క మాట వ్రాయ నారంభించితిమి.

అవి యెందులకు పోవునని పిల్లలడుగుదురు. మన ఆడుబిడ్డలు పురుటికి పుట్టినింటికి పోవునట్లే యని మా అత్తగారు చెప్పుదురు. ఇంతకంటె చక్కని సమాధానము శాస్త్రజ్ఞులును చెప్పలేరు. ఉత్తర దేశములలో వేసవి పగళ్లు దీర్ఘములు, పురుగులు అపారము, పిల్లలను పెంచుటకు అనుకూలము. ఇచ్చట పగలు పొడవగుచుండుటను పక్షి శరీరము గుర్తించును. అంతట ఆకలి పెరుగును. తిన్నది క్రొవ్వుగా నిలువయగును. ఆ క్రొవ్వే దారిబత్తెము. ఫాల్గునమున మా కాటుకపిట్ట గట్టుమీద క్షణము తీరిక లేక మేయుచుండుట చూచి, ఇంక కొలది దినములే యని మేము చెప్పగలము.

ఫాల్గునముననే ధర్మపురి నరసింహస్వామి బ్రహ్మోత్సవములు. జాతరకు పోయి గోదావరిలో స్నానము చేయునపుడు ఆవలి యిసుకతిన్నెమీద మేము జక్కవలను చూచితిమి. నారింజవన్నె గల పెద్ద బాతులవి. రాత్రివేళ జక్కవల జంట యెడబాసి, ఒండొంటిని పిలుచుకొనుచు దుఃఖించునని మన కావ్యములలో వింటిమి. మేము చూచినవి రెండేసిగా, ప్రక్కప్రక్కనే నడచుచుండెను. లడఖు, టిబెట్టు మొదలగు ఎత్తు దేశములలో కొండ బొరియలయందు గ్రుడ్లు పెట్టుటకు అవియును ఆ నెలలలోనే వెడలును. కవులు వానికి వియోగము నంటగట్టిరి గాని, కలిసియే వచ్చి కలిసియే పోవు పక్షులు అవి. ఒడ్డున నిలిచి చూచుచున్న మేమిద్దఱము మాత్రము ఆ మాట పైకి అనుకొనలేదు.

మా పొలము గట్టున నొక బూరుగుచెట్టు కలదు. మాఘమున ఆకు రాల్చి, కొమ్మకొమ్మకు ఎఱ్ఱని దొప్పలవంటి పూలు పూయును. ఆ పూల తేనెకై ఊరి పక్షులన్నియు చేరును. వానితోపాటు గులాబి గోరింకలు గుంపులుగా దిగును. తల, ఱెక్కలు నలుపు, నడుము గులాబి. శీతకాలమున మాసినట్లున్న వాని ఱంగు, ఈకల అంచులు అరిగి, వెడలిపోవు వేళకు నిగ్గుదేరును. ఇవి జొన్నచేలపై పడునని పూర్వము మంచెలెక్కి వడిసెలలతో తోలెడివారు. కాని వీని పుట్టినిల్లగు మధ్య ఆసియాలో ఇవి మిడుతలను భక్షించును. చైనాలోని సింకియాంగు ప్రాంతమున మిడుతల పీడ తగ్గుటకై వీనికి గూడు కట్టుకొను తావులను జనులే నిర్మించి యిచ్చుచున్నారు. ఇచ్చట తోలబడిన పిట్టకు అచ్చట ఇల్లు కట్టుదురు!

గడచిన మాఘమున ఒక కట్టెల వర్తకుడు ఆ చెట్టును బేరమాడెను. బూరుగు కట్టె మెత్తనిది. అగ్గిపుల్లలకును, పెట్టెలకును పనికివచ్చును. పిల్లల ఫీజులు కట్టవలసిన దినములవి. ఆ సొమ్ము మాకు అక్కఱకు రానిది గాదు. ఫోనులో అడుగగా, మాలో పెద్దామె భర్త, "గా చెట్టు నీడకు మక్క ఎదుగుతలేదు. అమ్మెయ్యుండ్రి" అనిరి. మా అత్తగారు పుస్తకము చదువుమని సైగ చేసిరి. ఒక్క యుదయమున ఆ చెట్టుమీద చూచినవానిని మేము చదివి వినిపించితిమి: గులాబి గోరింకలు నూటికి పైబడి, మన గోరింకలు, చిలుకలు, పిగిలిపిట్టలు, తేనెపిట్టలు, వంగపండులు, పసులపోలిగాడు, కాకులు. క్రింద కాలువ గట్టున కాటుకపిట్ట. కరెంటు తీగెమీద వరుసగా వానకోవిలలు.

అవతల కొంతసేపు మాట లేదు. తరువాత, "తీగెల మీది పిట్టలు ఈడగూడ తిరుగుతున్నయవ్వా. పొద్దుగూకంగ మా రూముల మీదికెల్లి పోతయి. ఉండనియ్యుండ్రి గా చెట్టును" అనిరి. అరేబియా తీరము మీదుగా వసంతమున వానకోవిలలు అసంఖ్యాకముగా ఉత్తరమునకు పోవునన్నది నిజమే. అవి మా తీగెమీదివే యని చెప్పుటకు వీలులేదు. మావి యిచ్చటినుండి తిన్నగా హిమాలయముల వైపు పోవునవి కావచ్చును. ఆ సంగతి మేమెఱుగుదుము. అయినను ఫోనులో ఆ మాట చెప్పలేదు. చెట్టు ఈ యేటికి నిలిచినది. వర్తకుడు మరల రాకమానడు. అప్పుడును ఈ పుస్తకమే మాకు సాక్ష్యము.

వ్రాసినదానికి విలువ యెంతటిదో తెలుపు నుదాహరణము మన సీమలోనిదే యొకటి కలదు. మా జగిత్యాల ప్రాంతము హైదరాబాదు సంస్థానములో నున్న కాలమున, 1931-32 సంవత్సరములలో సాలిం ఆలీగారు ఆ సంస్థానమందలి పక్షులను పరిశోధించిరి. ఆయన సతీమణి తెహ్మీనాగారు సుఖవాసము విడిచి, అడవులలో విడిదికి విడిది మారుచు వెంట తిరిగిరి. ఆమె 1939లో గతించిరి. నాడు వ్రాసి యుంచిన వివరముల మూలముననే దక్కనులో అప్పుడేయే పక్షులుండెనో నేడు మనకు తెలియుచున్నది. ఇప్పుడు అడవులకు పోనక్కఱలేదు. ప్రతి ఫిబ్రవరిలో నాలుగు దినములు ప్రపంచమంతట జనులు తమ పెరటి పక్షులను లెక్కించుచున్నారు. 2013 నుండి మన దేశమువారును అందు పాల్గొనుచున్నారు. పదునైదు నిమిషములు నిలిచి లెక్కించినను చాలును. మా పుస్తకములోని లెక్కలను మా పిల్లవాడు ఫోనులో ఎక్కించుచున్నాడు. నిలిచి చూచుటకు వారికి విద్వాంసులు మాత్రమే చాలరు. ప్రతి దినమును ఒకే గట్టుమీద నడచువారు కావలెను. అట్టివారు ఊరూరను మన ఆడువారే గదా!

ఈ యేడు శ్రీరామనవమి నాటి యుదయమున ఇంటిలో పనులు మెండుగా నుండెను. పానకము, వడపప్పు, గుడిలో కల్యాణము. పొలమునకు పోవుట మానుదమని మేమనుకొంటిమి. "ఒక్కపాలి చూసి రాండ్రి బిడ్డా, పుస్తకంల ఖాళీ ఉంటది" అని మా అత్తగారు పంపిరి. పోయితిమి. పిట్ట యున్నది. తోక ఆడించుచు కాలువ వెంట పరుగెత్తి, రెక్కలు విదిల్చి, ఆవలి గట్టున వ్రాలినది. విశేష మేమియు లేదు. "ఉన్నది" అని వ్రాసి కల్యాణమునకు పోయితిమి.

మఱునాడు లేదు. ఆ మఱునాడును లేదు. ఎనిమిదవ దినమున పుస్తకము తెఱచి, శ్రీరామనవమి కెదురుగా నున్న మాటక్రింద గీత గీసితిమి. మూడేండ్లకు మాకు చిక్కిన తేదీ యది.

మా యిండ్ల మగవారు వెడలు దినము మాకెప్పుడును ముందుగనే తెలియును. టిక్కెట్టుమీద అచ్చువేసి యుండును. ఆ దినమున పిలిచి బొట్టు పెట్టి, కంటినిండ చూచి పంపుదుము. వచ్చు దినమే తెలియదు. పిట్టకు వచ్చు దినము తెలియును. పోవు దినము తెలియదు. రెంటికిని మేము చేయగలిగినది యొక్కటియే. గట్టును, నీటిని, చెట్టును ఉన్నచోట ఉండనిచ్చి, ప్రతి యుదయమును పోయి చూచుట. దసరా దాటిన పిదప పుస్తకములో క్రొత్త పుట తెఱతుము. దానిమీద ఇప్పుడే గీతలు గీసి, తేదీలు వేసి యుంచితిమి.