ఉండిపోయిన సిర

కడుపులో బిడ్డకి ఏదైనా తేడా ఉందని స్కాన్‌లో చెప్తే, మన ఇళ్లల్లో మొదటి ప్రశ్న తల్లికే పడుతుంది.

మా చెల్లెలి కూతురికి ఐదో నెల టిఫా స్కాన్‌లో బిడ్డ గుండె దగ్గర ఒక సిర అదనంగా ఉందన్నారు. ఇంటికి రాగానే వాళ్ల అత్తగారు "గ్రహణం రోజు బయటికొచ్చావా? బొప్పాయి తిన్నావా?" అని మొదలుపెట్టారట. "పెద్దమ్మా, నేనేం చేశాను?" అని పిల్ల ఫోన్లో ఒకటే ఏడుపు. ఫీటల్ ఎకోకి తోడుగా నేనూ వెళ్లాను.

డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. తల నుంచి, చేతుల నుంచి రక్తాన్ని గుండెకి తెచ్చే పెద్ద సిరలు మొదట్లో అందరికీ రెండు వైపులా ఉంటాయట. మూడో నెల నిండకముందే ఎడమది మూసుకుపోయి కుడిది మిగులుతుంది. వెయ్యిలో ముగ్గురు నలుగురికి ఎడమది కూడా ఉండిపోతుంది. చాలామందికి ఆ సంగతి జీవితాంతం తెలియదు. "అది పోవాల్సిన రోజులకి నీకింకా వేవిళ్లే తగ్గలేదు. నువ్వు తిన్నదానికీ తిరిగినదానికీ దీనికీ సంబంధం లేదమ్మా" అన్నారు.

మరి మళ్లీ మళ్లీ చూడటం ఎందుకు? కడుపులో గుండె రక్తం పారినకొద్దీ పెరుగుతుందట. నీళ్లు పారే కాలువ వెడల్పవుతుంది, పారనిది పూడిపోతుంది కదా, అలాగన్నమాట. ఈ అదనపు సిర సాధారణంగా గుండె వెనక ఉన్న చిన్న గొట్టంలో కలుస్తుంది. రక్తం ఎక్కువై ఆ గొట్టం ఉబ్బితే, ఎడమ గదుల్లోకి వచ్చే రక్తం తగ్గొచ్చు. అప్పుడు ఎడమ గది చిన్నదిగా, ఒంటికి రక్తం పంపే బృహద్ధమని సన్నగా ఉండిపోయే ప్రమాదం ఉంది. అందరికీ అలా కాదు, కానీ కనిపెట్టుకుని ఉండాలి.

ఇంకోరకం తేడా కూడా చెప్పారు. బొడ్డుతాడు నుంచి వచ్చే రక్తానికి కాలేయం దగ్గర ఒక సన్నటి దారి ఉంటుంది. కొందరు బిడ్డల్లో అది ఏర్పడదు. రక్తమంతా అదుపు లేకుండా గుండె మీద పడితే, గుండె ఉబ్బి అలసిపోతుంది, బిడ్డ ఒంట్లో నీరు చేరొచ్చు.

మా పిల్ల బిడ్డకి ఇప్పటికి రెండు వైపుల గదులూ సమానంగానే ఉన్నాయి. ఏడో నెలలో మళ్లీ చూస్తారు. బృహద్ధమని సన్నగా ఉన్న సంగతి కొన్నిసార్లు పుట్టిన కొద్దిరోజులకి గానీ బయటపడదు. అందుకని కాన్పయ్యాక కూడా ఎకో తీయాలన్నారు.

మీ ఇంట్లో ఎవరికైనా ఇలాంటి మాట చెప్తే డాక్టర్ని మూడు అడగండి. ఈ తేడా ఒక్కటేనా, తోడుగా ఇంకేమైనా ఉన్నాయా? గుండె రెండు వైపులా సమానంగా పెరుగుతోందా? మళ్లీ ఎప్పుడు చూడాలి?

తల్లిని మాత్రం "అన్నం తిన్నావా" అని అడగండి, చాలు.