కార్తె తప్పిన మునేరు

హైదరాబాద్ నుంచి విజయవాడ వచ్చే బస్సులో కోదాడ దాటాక చాలామంది మళ్లీ కళ్లు మూసుకుంటారు. టీ తాగడం అయిపోయింది, ఇక విజయవాడ రావడమే మిగిలింది. పాలేరు దాటి గరికపాడు దగ్గర ఆంధ్రలో అడుగుపెట్టాక చిల్లకల్లు, నవాబుపేట, నందిగామ, అయితవరం, కీసర... ఊళ్ల పేర్లు కిటికీ పక్క నుంచి జారిపోతుంటాయి. పత్తి, మిరప, కాలువ నీళ్లు అందినచోట వరి, దూరంగా సిమెంటు ఫ్యాక్టరీల గొట్టాలు. వన్యప్రాణుల గురించి రాయడానికి ఇంతకంటే పనికిరాని చోటు ఉండదనిపిస్తుంది. పులి లేదు, ఏనుగు లేదు, టిక్కెట్టు కొని లోపలికి వెళ్లే అభయారణ్యమూ లేదు.

నేను జంతుశాస్త్రం విద్యార్థిని. వాతావరణ మార్పు, వన్యప్రాణులు అనే రెండు మాటలు కలిపి వినగానే మా క్లాసులో అందరికీ గుర్తొచ్చేది మంచుముక్క మీద ఒంటరిగా నిలబడ్డ ధ్రువపు ఎలుగుబంటి బొమ్మే. ఆ బొమ్మలో అబద్ధం ఏమీ లేదు. కాకపోతే ఆ ఎలుగుబంటి మనకు ఎంత దూరమో, ఆ కష్టమూ అంత దూరమే అనిపిస్తుంది. అందుకే జగ్గయ్యపేటకీ నందిగామకీ మధ్య ఉన్న ఈ ముప్ఫై కిలోమీటర్ల మెట్టలోనే వెతుకుదామని మూడు వేసవుల నుంచి తిరుగుతున్నాను. ఇదంతా మొన్నటిదాకా కృష్ణా జిల్లా మెట్ట. 2022 ఏప్రిల్ నుంచి ఎన్టీఆర్ జిల్లా. జిల్లా పేరు మారినా నేల అదే, ఎండ అదే.

పులి కథలో మిగిలింది

ఒకప్పుడు ఇక్కడివాళ్లకు పులి కొత్త కాదు. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ కథ ఈ ప్రాంతంలో తెలియనివాళ్లు ఉండరు. అమ్మవారి భర్త గోపయ్య మేత కోసం ఆవులను అడవులకు తోలుకెళ్లి, అక్కడ పులి బారిన పడి ప్రాణం విడిచాడు. తిరునాళ్లకు వచ్చే లక్షలాది భక్తులు మునేటి ఒడ్డున స్నానాలు చేసి, తలనీలాలు ఇచ్చి, ఆ కథే మళ్లీ వింటారు. మేత కరువైతే పశువును తోలుకుని తడి ఉన్నచోటికి పోవడం ఈ మెట్టవాళ్లకు తరతరాల అలవాటన్నమాట. పులి కథలోనే ఉండిపోయింది. అడవి పోయాక ఈ నేల మీద మిగిలినవి చిన్న ప్రాణులు. కంచెల్లో కౌజుపిట్టలు, రాళ్ల సందుల్లో ఉడుములు, కరెంటు తీగల మీద పాలపిట్టలు, రాత్రిపూట నక్కలు, ఈ మధ్య మిరప చేలల్లో నెమళ్లు.

తర్వాత నాగార్జునసాగర్ ఎడమ కాలువ వచ్చింది. ఆ ప్రాజెక్టు కోసం పట్టుబట్టి తిరిగిన ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాద్ ఈ జగ్గయ్యపేట పక్కవారే. జొన్న పండిన చేలల్లో వరి నిలబడింది. వరితోపాటు నత్తలు, నత్తలతోపాటు నత్తగుల్ల కొంగలు వచ్చాయి. ముక్కు మూసినా మధ్యలో సందు మిగిలిపోయే ఈ కొంగను చూసి, పాపం ముక్కు వంకరపోయిందనుకుంటారు. నత్తను పట్టి లోపలి మాంసం లాగడానికి పనికొచ్చే ముక్కు అది. అంటే మనిషి నీళ్లు తెస్తే పిట్ట బతుకూ మారుతుంది. అలాంటప్పుడు ఆ నీళ్లు రావలసిన వేళ తప్పితే?

మఖమల్ పురుగు

ఆ వేళను ఇక్కడ కార్తెలతో కొలుస్తారు. రోహిణిలో రోళ్లు పగులుతాయి. మృగశిర రాగానే ఇంట్లో చేపల కూర ఉండాలి. జూన్ 22 ప్రాంతంలో ఆరుద్ర. ఆ రోజుల్లో తొలకరి పడ్డ చేలో ఎర్రటి మఖమల్ గుడ్డముక్క ఒకటి కాళ్లు మొలిచి నడుస్తున్నట్టు ఆరుద్ర పురుగు కనిపిస్తుంది. చిన్నప్పుడు అగ్గిపెట్టెలో గడ్డి పరిచి వాటిని పెంచని పిల్లలు మా ఊళ్లో లేరు. ముట్టుకుంటే కాళ్లు ముడుచుకుంటుంది. కాసేపు ఊపిరి బిగబట్టి చూస్తే మళ్లీ నడుస్తుంది.

పుస్తకాల్లో చదివాకే తెలిసింది, అది అసలు పురుగు కాదు, సాలీడు బంధువు. ఎనిమిది కాళ్లు. సంవత్సరంలో ఎక్కువ కాలం మట్టిలోనే ఉంటుంది. నేల బాగా తడిసినప్పుడు కొద్దిరోజులు పైకొచ్చి జత కడుతుంది, చెదపురుగులనూ పురుగుల గుడ్లనూ తింటుంది, మళ్లీ దిగిపోతుంది. దానికి పంచాంగం తెలియదు. తెలిసింది తడి ఒక్కటే. జూన్ మొదట్లో ఒక జల్లు కురిసి, తర్వాత నెలరోజులు మబ్బు మొహం చూపించకపోతే? లేక చినుకే లేకుండా ఉండి ఒక్క రాత్రిలో చేను చెరువైపోతే?

“ఆరుద్ర పురుగుల్ని చూసి గొర్రు కట్టేవాళ్లం. ఇప్పుడు సెల్లులో చూసి కడుతున్నారు. రెండూ ఒక్కలాగే ఉన్నాయిలే, దాన్నీ నమ్మలేం దీన్నీ నమ్మలేం” అన్నాడు మునేటి ఒడ్డున గొర్రెలు మేపుకునే ఒక తాత. నవ్వుతూనే అన్నాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

తీతువు గుడ్లు

మునేరు వరంగల్ వైపు పాఖాల అడవుల్లోంచి దిగి, ఖమ్మం మీదుగా మన వైపుకొస్తుంది. పోలంపల్లి, పెనుగంచిప్రోలు దాటి, కీసర దగ్గర వైరా, కట్టలేరు నీళ్లను కలుపుకుని ఏటూరు దగ్గర కృష్ణలో పడుతుంది. ఏప్రిల్‌లో వెళ్లి చూడండి. ఏరు అనడానికి మనసొప్పదు. అర కిలోమీటరు ఇసుక, గులకరాళ్లు, అక్కడక్కడా గుంటల్లో పచ్చబడ్డ నీళ్లు.

ఆ గులకరాళ్ల మధ్యే తీతువు గుడ్లు పెడుతుంది. అరిస్తే ఇంటికి అరిష్టమని మన పెద్దవాళ్లు తిట్టుకునే పిట్ట ఇదే. నిజానికి అది మనల్ని చూసి భయపడి, గూడు దగ్గరకు రావద్దని మొత్తుకుంటుంది. గూడంటే గూడేమీ కాదు, చిన్న గుంట, చుట్టూ నాలుగు గులకరాళ్లు. అందులో నాలుగు గుడ్లు, వాటి మచ్చలు కూడా అచ్చం రాళ్లలాగే ఉంటాయి. రెండు అడుగుల దూరంలో నిలబడి కూడా నేను వాటిని గుర్తుపట్టలేకపోయాను.

అసలు విషయం గుడ్ల రంగు కాదు. మిట్టమధ్యాహ్నం రాయి కాలిపోతుంటే ఆ పిట్ట పొదిగేది వేడి ఇవ్వడానికి కాదు, చల్లబరచడానికి. నీటి గుంట దగ్గరకు పోయి పొట్ట కింది ఈకలు తడుపుకుని, పరుగు పరుగున వచ్చి ఆ తడితో గుడ్ల మీద కూర్చుంటుంది. మళ్లీ వెళ్తుంది, మళ్లీ వస్తుంది. ఆడదీ మగదీ వంతులు వేసుకుంటాయి. నలభై డిగ్రీలు దాటిన వేడిని గుడ్డులోని పిల్ల ఎక్కువసేపు ఓర్చుకోలేదు. నెలరోజుల పాటు ఈ పని సాగాలి. గుంట యాభై అడుగుల దూరంలో ఉంటే ఒక లెక్క, అర కిలోమీటరు దూరంలో ఉంటే ఇంకో లెక్క. వెళ్లొచ్చేలోపు గుడ్లు ఎండకు ఉంటాయి, కాకికీ కనిపిస్తాయి.

రాష్ట్ర ఉష్ణోగ్రతల పట్టికలో నందిగామ పేరు రోజూ చూస్తుంటాం. ఇక్కడ వాతావరణ శాఖ కేంద్రం ఉంది. కృష్ణ అవతల పల్నాడులో ఉన్న రెంటచింతల వేడి సంగతి చెప్పక్కర్లేదు. 2015 మే నెల వడగాడ్పుల్లో ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యిమందికి పైగా చనిపోయారు. మనుషుల లెక్క ప్రభుత్వం రాస్తుంది. ఇసుకలో ఉడికిపోయిన గుడ్ల లెక్క ఎవరు రాస్తారు?

ఎండను తట్టుకుని పిల్లలు బయటపడ్డాయనుకోండి. తర్వాతి గండం వరద.

2023 సంగతే తీసుకోండి. జూలై 27న ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 65 సెంటీమీటర్ల వాన పడింది. తెలంగాణలో అంతకుముందు ఎన్నడూ నమోదు కానంత. ఆ వాన మునేటి పరీవాహకాన్నీ ముంచింది. అయితవరం దగ్గర జాతీయ రహదారి మీదికి మునేరు ఎక్కింది. హైదరాబాద్ బస్సులను గుంటూరు మీదుగా మళ్లించారు. సరే, వానలు బాగా పడ్డాయిలే అనుకునేలోపు ఆగస్టు వచ్చింది. 1901 నుంచి లెక్కలు చూస్తే దేశంలో అంత తక్కువ వాన పడ్డ ఆగస్టు ఇంకోటి లేదు. జూలైలో రోడ్డు మునిగిన ఊళ్లలోనే ఆగస్టులో ఆకాశం వంక చూశారు. వరదకు కొట్టుకుపోని నత్త ఎండకు బురదలోకి దిగిపోయింది. కొంగ ఏం తినాలి?

మరుసటి ఏడాది ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో మళ్లీ. జగ్గయ్యపేట, నందిగామ, పెనుగంచిప్రోలు నీళ్లలో మునిగాయి. సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు. అంతకుముందు రికార్డు 2009 అక్టోబరులో 11.10 లక్షలు. బ్యారేజీ కట్టిన తర్వాత అంత నీళ్లు చూడలేదన్నారు 2009లో. పదిహేనేళ్లకే దాన్నీ దాటేసింది.

దీనికి సైన్సు చెప్పే కారణం పెద్ద చిక్కుముడి కాదు. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని మోయగలదు. మోసి మోసి ఒక్కసారిగా దించేస్తుంది. 1901 నుంచి 2018 మధ్య మన దేశ సగటు ఉష్ణోగ్రత 0.7 డిగ్రీలు పెరిగిందని కేంద్ర భూవిజ్ఞాన శాఖ 2020 నివేదిక. గుజరాత్ నుంచి ఒడిశా దాకా మధ్య భారతంలో అతి భారీ వర్షాలు 1950 నుంచి 2015 నాటికి మూడు రెట్లయ్యాయని శాస్త్రవేత్తలు తేల్చారు. కురిసే మొత్తం పెరగలేదు, కురిసే తీరు మారింది. సగటు చూసి సంతోషించేవాళ్లకు చెప్పాల్సింది ఇదే. తీతువు సగటు మీద బతకదు.

రాయి మోసే లెక్క

జగ్గయ్యపేట పాత పేరు బేతవోలు. అమరావతి ఏలిన వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు తండ్రి జగ్గన్న పేరు పెట్టి పేట కట్టించాడు. ఊరి చెంతనే ధనంబోడు అనే గుట్ట మీద బౌద్ధ స్తూపం ఉంది. 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వించాడు. అక్కడ దొరికిన చక్రవర్తి శిల్పం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. మాంధాత చక్రవర్తి చెయ్యెత్తి నిలబడితే పైనున్న మబ్బుల్లోంచి చదరపు నాణేలు వానలా కురుస్తుంటాయి. పక్కనే ఏనుగు, గుర్రం. రెండు వేల ఏళ్ల కిందటి మా ఊరి శిల్పి దృష్టిలో గొప్ప రాజంటే ఆకాశం మాట వినే రాజు.

ఆ పలకలు చెక్కింది ఈ ప్రాంతపు సున్నపురాయి మీదే. అదే రాయి కోసం సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చాయి. ఇక్కడే మా రసాయనశాస్త్రం మాస్టారు బోర్డు మీద వేసిన లెక్క గుర్తొస్తుంది. 100 కిలోల స్వచ్ఛమైన సున్నపురాయిని కాలిస్తే 56 కిలోల సున్నం మిగులుతుంది. 44 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా గాలిలో కలుస్తుంది. బట్టీకి బొగ్గు మానేసి ఎండ కరెంటే వాడినా ఆ 44 కిలోలు తప్పవు, అవి రాయిలోనే ఉన్నాయి. ప్రపంచంలో మనుషులు వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో సిమెంటు వాటా 7, 8 శాతం. చెక్కితే వేల ఏళ్లు నిలిచిన రాయి, కాలిస్తే ఆకాశానికి ఎక్కుతోంది. ఫ్యాక్టరీ మూసెయ్యమని నేను అనలేను. ఈ ఊళ్లలో చాలా ఇళ్లకు కూడు పెట్టేది అదే. మా ఇల్లు కట్టిందీ ఆ బస్తాలతోనే. కానీ పెనుగంచిప్రోలు ఇసుకలో గుడ్లు తడుపుకునే పిట్టకీ ఈ బస్తాకీ సంబంధం లేదని మాత్రం ఇక అనుకోలేను.

అన్నట్టు, పాపమంతా వాతావరణానిదే అనడం కూడా సుఖమైన పనే. మునేటిలో ఇసుక తవ్వి గుంటలు చేసింది ఎండ కాదు. పత్తి మీద, మిరప మీద వారం వారం కొట్టే మందులు ఆకాశం నుంచి పడలేదు. దసరా నాడు చూస్తే మంచిదని వెతుక్కునే పాలపిట్ట దేశంలో పన్నెండేళ్లలో 30 శాతానికి పైగా తగ్గిందని 2023లో వచ్చిన దేశ పక్షుల స్థితి నివేదిక చెప్పింది. అది తినేది పురుగుల్ని. పురుగు లేని చేలో తీగ మీద కూర్చుని ఏం చేస్తుంది? అలసిపోయిన మనిషికి జ్వరం తొందరగా తగిలినట్టు, ఇలా చిక్కిపోయిన ప్రాణుల మీదే కొత్త ఎండా కొత్త వానా ముందు పడతాయి. నెమళ్లు, అడవిపందులు, కోతులు ఎలాగో సర్దుకుంటున్నాయి. రైతులు వాటిని తిట్టుకోవడం వింటే వన్యప్రాణులు పెరిగాయనే అనిపిస్తుంది. సర్దుకోగలిగినవే పెరిగాయి. మిగిలినవి చడీచప్పుడు లేకుండా తగ్గాయి.

ఆ పక్షుల నివేదిక తయారైంది దేశమంతటా ముప్ఫై వేల మంది మామూలు మనుషులు చూసి రాసుకున్న లెక్కలతో. బడిపిల్లలు, బ్యాంకు ఉద్యోగులు, పెన్షనర్లు. అది చదివాక నేనూ ఒక నోటుపుస్తకం పెట్టాను. తీతువు మొదటి గుడ్డు కనిపించిన రోజు, మునేటిలో చివరి గుంట ఎండిన రోజు, నత్తగుల్ల కొంగ వరిలో దిగిన రోజు. గొర్రెల తాత ఆరుద్ర పురుగు కూడా రాయమన్నాడు. ఒక్కణ్ణి రాస్తే చాలదు. కాబట్టి జూన్ 22 తర్వాత మీ చేలో అది కనిపిస్తే తేదీ, ఊరి పేరు ఒక కాగితం మీద రాసి ఉంచండి. దానికి ముందు వాన పడి ఎన్ని రోజులయిందో కూడా.