సగం మాట

పిల్లలూ, నేను ముప్ఫై ఏళ్ళకు పైగా బడిపంతులుగా పనిచేసి, హెడ్మాస్టరుగా రిటైరయినవాణ్ణి. అంతకాలమూ ఇతరుల తప్పులు దిద్దాను. ఇవాళ నా తప్పు ఒకటి మీకు చెబుతాను. దాన్ని నాకు గుర్తు చేసినది ఒక కంప్యూటరు ప్రోగ్రాము.

మొన్న వేసవి సెలవులకు, ఇంటరు చదివే మా మనవరాలు మా ఊరు వచ్చింది. హైదరాబాదులో దాని అన్నయ్యకు ఒక కంప్యూటరున్నది. ఇక్కడ కూర్చుని ఆ కంప్యూటరుకు ఆజ్ఞలిచ్చి, అది పంపే తెలుగు జవాబులను తన తెర మీద చూసుకోవాలని దీని సరదా. ఇటువంటి పని చేసే ప్రోగ్రామును టెర్మినల్ క్లయింట్ అంటారు. ప్రోగ్రాముకూ నెట్‌వర్కుకూ మధ్య రాకపోకలు జరిగే ద్వారాన్ని సాకెట్ అంటారు.

ఆ ప్రోగ్రాము తానే రాసింది. తన కంప్యూటరులోనే పరీక్షిస్తే చక్కగా నడిచింది. హైదరాబాదుతో కలిపేసరికి మాటలు విరిగిపోయాయి. కొన్నిచోట్ల అక్షరాలకు బదులు ప్రశ్నార్థకాలు కనిపించాయి.

"తాతయ్యా, అన్నయ్య సగం సగం మాటలు పంపుతున్నాడు!" అంటూ వాడికి ఫోను చేసి దెబ్బలాడింది.

"నేను అంతా పంపాను. నువ్వు అంతా తీసుకున్నావా?" అన్నాడు వాడు.

రెండు రోజులు తల బద్దలు కొట్టుకున్నాక దానికి కిటుకు దొరికింది. నాకు ఇలా చెప్పింది:

"తాతయ్యా, సాకెట్‌లో వచ్చేది పొడుగాటి పూలదండ లాంటిది. పూల వరస తప్పదు, ఒక్క పువ్వూ రాలదు. కాని అన్నయ్య మూరెడు చొప్పున పంపినా, నాకు మూరెడు చొప్పున రాదు. ఒకసారి జానెడు వస్తుంది, ఒకసారి రెండు మూరలు వస్తుంది. ఒక్కొక్క మూర చివర అన్నయ్య ఒక బంతిపువ్వు కడుతున్నాడు. అదే వాక్యం ముగిసిందనే గుర్తు. నేను వచ్చిన ముక్కలన్నీ ఒక బుట్టలో వేసుకుని, బంతిపువ్వు కనిపించాకనే తెంపుకోవాలి. నేనేమో వచ్చిన ముక్కల్లా పూర్తి మూర అనుకున్నాను!"

ఆ బుట్ట పేరే బఫర్. మరి ప్రశ్నార్థకాలు ఎందుకు వచ్చాయి? యూటీఎఫ్-8 అనే పద్ధతిలో మన 'క' అక్షరానికి 3 బైట్లు కావాలి. రెండు బైట్లు ముందూ, మూడోది వెనకా వస్తే, ఆ రెంటితో ఏ అక్షరమూ కాదు. మూడోది వచ్చేదాకా వాటిని బుట్టలోనే ఉంచాలి.

పంపేటప్పుడు కూడా బుట్ట అవసరమే. ఒక్క బైటు పంపినా, దానికి చిరునామా వగైరాలు 40 బైట్లు తోడవుతాయి. ఆవగింజకు బండి కట్టినట్టు! 1984లో జాన్ నేగిల్ అనే ఆయన దీనికొక ఉపాయం చెప్పాడు: ముందు పంపినదానికి రసీదు వచ్చేదాకా, ఈలోగా టైపు చేసిన అక్షరాలను పోగుచేసి ఒక్కసారే పంపాలి.

బుట్ట చాలక పెద్దవాళ్ళే తిప్పలు పడ్డారు. 1969 అక్టోబరు 29 రాత్రి, అమెరికాలో లాస్ ఏంజిలిస్ నుంచి చార్లీ క్లైన్ అనే విద్యార్థి, ఎంతో దూరాన స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో ఉన్న కంప్యూటరులోకి ప్రవేశించటానికి "లాగిన్" అనే ఆజ్ఞను ఇంగ్లీషు అక్షరాలలో టైపు చేయసాగాడు. 'ఎల్' చేరింది. 'ఓ' చేరింది. 'జీ' నొక్కగానే అంతా ఆగిపోయింది! అక్షరాలు ఒక్కసారిగా వస్తే పట్టేటంత చోటు బఫర్‌లో లేకపోయిందని, అవతల పనిచేసిన బిల్ డువాల్ తరవాత చెప్పాడు. దాన్ని సరిచేశాక, సుమారు గంటకు ఆ పని నెరవేరింది.

మనవరాలు ఇదంతా చెబుతూ ఉంటే నాకు ఒక కుర్రవాడు జ్ఞాపకం వచ్చాడు.

1987లో నేను కొత్తగా ఉద్యోగంలో చేరాను. ఏడో తరగతిలో ఒకడికి నత్తి. వాడు మూడు రోజులు బడికి రాలేదు. నాలుగో రోజు, "ఎందుకు రాలేదురా?" అని గద్దించాను.

"సార్, మా... మా అమ్మ..." అని ఆగాడు.

"అమ్మ వెళ్ళవద్దన్నదా? ఎక్కు బెంచీ!" అన్నాను. వాడు గంటసేపు బెంచీ మీద నిలబడ్డాడు.

సాయంత్రం ఇంకొక పిల్లవాడు చెప్పగా తెలిసింది. వాడి తల్లి ఆసుపత్రిలో ఉన్నది. వాడు రాత్రింబవళ్ళు ఆమె దగ్గరే ఉండి, ఆ ఉదయమే బడికి వచ్చాడు. నేను ఆసుపత్రికి పరిగెత్తాను. వాడు నన్ను చూసి లేచి నిలబడి, తల్లికి చూపిస్తూ, "మా... మా సారు" అన్నాడు, ఎంతో సంతోషంగా.

ఈసారి మాట పూర్తయేదాకా ఆగాను. కాని ఉదయం నిలబెట్టిన గంటను ఎలా వెనక్కు తీసుకోను?

"తప్పు అన్నయ్యది కాదు, తాతయ్యా! నేనే తొందరపడ్డాను," అన్నది మనవరాలు. వెంటనే వాడికి ఫోను చేసి ఆ మాటే చెప్పింది.

నాకు రెండు రోజులలో తెలియనిది దానికి తెలిసింది. పిల్లలూ, మీకు ఇంకా ముందే తెలియాలని ఇది రాశాను. మీ తల్లిదండ్రులకు కూడా చదివి వినిపించండి.