ఆటవెలదిలో ఇమడని పేరు

ఆటకూ చదువుకూ పొసగదని మా పెద్దలు నమ్మేవారు. నేనూ చాలాకాలం అలాగే నమ్మాను. ఎం.ఏ. ముగించి కరీంనగరంలో అధ్యాపకునిగా చేరిన తొలి సంవత్సరాలలో, ఛందస్సు పాఠమంటే నాకు నల్లబల్ల మీద గురులఘువులు గుర్తించడమే. విద్యార్థులు రాసుకొనేవారు, వల్లించేవారు, పరీక్ష కాగానే మరచేవారు.

నిజానికి మన రెండు భాషలలోనూ ఆట విద్యకు పరాయిది కాదు. బైత్‌బాజీలో ఒకరు చదివిన షేర్ ఏ అక్షరంతో ముగిస్తే, ఎదుటి పక్షం ఆ అక్షరంతోనే మరొక షేర్ అందుకోవాలి. అష్టావధానంలో నిషిద్ధాక్షరి పృచ్ఛకుడు అవధాని మనసులోని మాటను ఊహించి, రాబోయే అక్షరాన్ని నిషేధిస్తాడు. అడ్డుపడేవానికి కూడా భాష తెలియాలి. అదే ఆ ఆటలోని చదువు.

ఈ తలంపుతో ఒకనాడు తరగతిని రెండు జట్లు చేశాను. అందులో ఆదిలాబాదు పల్లెల నుండి వచ్చినవారు, ఉర్దూ మాధ్యమంలో చదివినవారు పలువురు. ఉర్దూ మాధ్యమం తెలుగు పద్యానికి అడ్డు కాదని చెప్పడానికి డాక్టర్ సి. నారాయణరెడ్డిగారే సాక్షి. 1931లో అప్పటి మన కరీంనగర్ జిల్లా హనుమాజీపేటలో పుట్టిన ఆయన, ఉర్దూలో చదువుకొని తెలుగుకు 1988 జ్ఞానపీఠ పురస్కారం తెచ్చారు.

"మీ పేర్లనే గణవిభజన చేయండి. ఆటవెలదిలో ఇమిడితే జట్టుకు ఒక మార్కు" అన్నాను. ఆ పద్యంలో ఉండేవి సూర్యగణాలు, ఇంద్రగణాలు మాత్రమే. కమల అంటే మూడు లఘువులు, సూర్యగణం. ఫాతిమా ర గణం, ఇంద్రగణాలలో ఒకటి. ఎవరో ఊరి పేరునూ విడదీశారు: 'ఆదిలా' ఇంద్రగణం, 'బాదు' సూర్యగణం! తరగతి కోలాహలమైంది.

చివరి బల్ల మీది విద్యార్థి లేచాడు. అతని పేరు మన పట్టణం పేరులోని 'కరీము' వలె లఘువు, గురువు, లఘువు. అంటే జ గణం.

"నా పేరు పనికిరాదా సార్?"

"ఆటవెలదిలో పనికిరాదు" అని సున్న వేశాను. జట్టువారు నవ్వారు. నేనూ నవ్వాను. మరునాడు అతడు తరగతికి రాలేదు. ఆ మరునాడూ రాలేదు.

నా నవ్వు నాకే ముల్లయింది. పాఠంలో వెనుకబడితే ఆ సంగతి తనకొక్కడికే తెలుస్తుంది. ఆటలో ఓడితే పదిమందికీ తెలుస్తుంది. ఆ తేడా నేను గ్రహించలేదు. స్నేహితుని ద్వారా కబురంపి రప్పించాను.

ఆ రోజు నల్లబల్ల మీద కంద పద్యం లక్షణం రాశాను. కందంలో గణాలన్నీ నాలుగు మాత్రలవే. రెండవ, నాలుగవ పాదాలలో నడిమి గణం జ గణమో, నలమో అయి తీరాలి. "ఈ నడిమి చోటున నిలిచే పేరు ఎవరిది?" అని అడిగాను. తరగతి అంతా వెనుకకు తిరిగి చూసింది. అతడు మెల్లగా లేచాడు. ఆటవెలదిలో మార్కులు తెచ్చిన ఫాతిమాకు, కమలకు కందంలో చోటే లేదు. ఈసారి అందరూ కలిసి నవ్వారు, అతడూ నవ్వాడు. నేను పాత మార్కులు తుడిచివేశాను.

అతడు కవి కాలేదు. కాని కందాన్ని చూడగానే గుర్తుపడతాడు. సందేహం వస్తే లేచి అడుగుతాడు. నాకు అంతకంటె ఏమి కావాలి?

కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపం. ఏటా పోటీలు జరిపి బహుమతులిస్తున్నాము. అవి సాధారణంగా ఆ నలుగురికే వస్తున్నవి. బహుమతి లేని బైత్‌బాజీకి, పద్యపు ఆటకు కూడా ఒక సాయంత్రం కేటాయించండి. విద్యార్థి మిత్రులారా, ఒక ఛందంలో మీ పేరు ఇమడకపోతే తలవంచుకోకండి. మరొక ఛందం మీ కోసమే నడుమ చోటు ఉంచి ఉండవచ్చు. దానిని వెదకి చూపడం మా అధ్యాపకుల బాధ్యత.